వెనక్కి చూసిన చిలుక

అత్తను ఇంట్లో వదిలి ఎట్లా వెళ్ళడమా అని ఆ ఆదివారం పొద్దున్నుంచీ మాలతికి ఒకటే బెంగ. అసలు బెంగ ఇంకోటుంది గానీ, ముందు అత్త సంగతి తేలితే కదా దాని జోలికి పోవడం!

యాదమ్మ అప్పటికే తయారై, తలుపు పక్కన కుర్చీలో చేతిసంచి ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. తలకు నూనె రాసుకుని నున్నగా దువ్వుకుంది. పెళ్ళిళ్ళకు మాత్రమే తీసే నీలం అంచు చీర కట్టుకుంది.

"యాడికత్తమ్మా?"

"నీతోనే. ఎల్‌బీ నగర్ల కథ చెప్తున్నవంట గద. శ్రీధర్ చెప్పిండు."

మాలతి మొగుడి వైపు చూసింది. బట్టల దుకాణంలో వారమంతా వందమందితో మాట్లాడే ఆ మనిషి, ఇప్పుడు మాత్రం నోట్లో మాట లేనట్టు ఫోన్‌లో తల దూర్చాడు.

"చెప్పుడు కాదత్తమ్మా, చదువుడు. కాయితం చూసి చదువుతరు. శానాసేపు కుర్చీల కూసోవాలె. నీ మోకాళ్ళకు అయితదా?"

"మెట్రోల లిఫ్టున్నది."

"ఏసీ పడదు గద నీకు."

"శాలువ పెట్టుకున్న." సంచి తెరిచి చూపించింది.

"ఆడ నీకు తెలిసినోళ్ళు ఒక్కరుండరు."

"గందుకే వస్తున్న. తెల్వనోళ్ళ నడుమ కథ మొదలువెడితె, ఊ ఎవరు కొడ్తరే నీకు?"

ఈ ఊ సంగతేమిటో తెలియాలంటే ఆ ఇంటి పద్ధతి తెలియాలి.

యాదమ్మ పుట్టిందీ మెట్టిందీ పోచంపల్లి చుట్టుపక్కల మగ్గాల ఊళ్ళలోనే. చిన్నప్పుడే ఆసు ముందు కూర్చోబెట్టారు. ఆసు అంటే మరేం లేదు, వరసగా మేకులు దిగిన చెక్క. పట్టుదారాన్ని ఈ మేకు నుంచి ఆ మేకుకు, మళ్ళీ వెనక్కి, పొద్దు పొద్దంతా చేత్తో పోస్తూనే ఉండాలి. రెక్క పీకేస్తుంది. ఆ నొప్పి మరవడానికి ఒకరు కథ చెప్పేవారు, పక్కవాళ్ళు ఊ కొట్టేవారు. చెయ్యి అటు పోయినప్పుడు మాట, ఇటు వచ్చినప్పుడు ఊ. ఆ ఊ ఆగిందో, కథ అక్కడికక్కడ ఆపెయ్యాలి. వినేవాళ్ళు లేకుండా కథ నడిపిస్తే ఇంటికి మంచిది కాదని వాళ్ళ నమ్మకం. మాలతి కూడా మగ్గాల ఇంట్లో పుట్టిన పిల్లే. చిన్నతనంలో ఎన్ని కథలు విన్నదో, అన్నింటిలోనూ మధ్యలోనే నిద్రపోయింది. మర్నాడు లేచి "రాజు ఏమైండు నానమ్మా?" అంటే, "నువ్వు ఊ కొట్టలేదు బిడ్డా, నేను ఆపిన" అనేది ఆవిడ. అట్లా ఆ పిల్ల తలకాయ నిండా కథల మొదళ్ళే మిగిలాయి. చివరలు లేవు.

పెద్దయ్యాక దిల్‌సుఖ్‌నగర్ గల్లీలో చీరలకు ఫాల్స్ కుట్టి పీకో చేసే చిన్న దుకాణం పెట్టుకుంది. మిషన్ ఆగినప్పుడల్లా ఫోన్‌లో కథలు రాసుకునేది. పీకోకి వచ్చే నాగేశ్వరి అనే ఆవిడ ఒకటి చదివి, "అయ్యో, ఇంత బాగా రాస్తూ దాచుకుంటారేంటండీ మాలతి గారూ!" అని, వనస్థలిపురం, ఎల్‌బీ నగర్ వాళ్ళంతా నెలకోసారి కూడే కథల సమావేశానికి లాక్కుపోయింది. అక్కడ మాలతి తన కథ ఒకటి చదివింది. అందరూ మెచ్చుకున్నారు. ఒక్క ప్రసన్నకుమార్ గారు మాత్రం, కాలేజీలో పాఠాలు చెప్పి రిటైరైన మనిషి, కళ్ళద్దాలు తుడుచుకుంటూ నెమ్మదిగా అడిగారు:

"అమ్మా, ఇది మీకు ఎవరో చెప్పిన ముచ్చటేనా?"

"అవును సార్. మా మేనత్త చెప్పింది."

"బాగా విన్నారు. బాగా రాసుకున్నారు. మరి ఇందులో మీరు కల్పించింది ఏదీ?"

ఆయన తిట్టలేదు, వెక్కిరించలేదు. అదే పెద్ద చిక్కయింది. తిడితే రెండు రోజులు ఏడ్చి మరిచిపోయేది. అడిగిన తీరు మర్యాదగా ఉండేసరికి ఆ ప్రశ్న లోపలే కూర్చుండిపోయింది. చీర అంచు మడిచినప్పుడల్లా అదే. నేను కథకురాలినా, ఊరికే విన్నది దించే మనిషినా? నా సొంతం ఏది? వెతికితే ఏమీ కనిపించలేదు. మళ్ళీ ఒక్కసారి చదువుతా, ఈసారీ అదే మాట పడితే ఇక రాయను, పీకో మిషన్ చాలు నా బతుక్కి, అని మనసులో గట్టిగా అనుకుంది. ఎవరికీ చెప్పలేదు. సమావేశం పెద్ద జోగారావు గారు ఫోన్ చేసి, "ఈ ఆదివారం మీదేనమ్మా" అన్నప్పుడు సరే అంది.

సరే అని ఏం రాసింది? అత్త కథే రాసింది! అదీ అసలు బెంగ.

వంటింట్లో కూరగాయలు తరుగుతూ యాదమ్మ ఎన్నోసార్లు చెప్పిన ముచ్చట అది. కొత్త కోడలిగా వచ్చినప్పుడు, ఒక పెళ్ళి చీర కొంగుకు చిలుకల వరస పెట్టాల్సి వచ్చింది. దారం మీద రబ్బరు ముక్కలతో ముడులు కట్టి రంగులో ముంచితే, కట్టినచోట రంగు అంటదు, అట్లా బొమ్మ పడుతుంది. ఆ ముడులు కట్టింది యాదమ్మ. నేసింది ఆమె పెనిమిటి బ్రహ్మం. కట్టేటప్పుడు తప్పు కనపడదు. మగ్గం మీద నేస్తుంటేనే బొమ్మ బయటపడుతుంది. చిలుకలన్నీ ముందుకు చూస్తుంటే, నడిమిది ఒక్కటి తల తిప్పి వెనక్కి చూస్తోంది. రంగు పడిన దారాన్ని ఏం చేస్తారు? బ్రహ్మం ఒక్క మాట అనకుండా చీర పూర్తి చేశాడు. ఇద్దరూ కలిసి షావుకారు దుకాణానికి తీసుకుపోయారు. షావుకారు చీర విప్పాడు.

అంతే. ప్రతిసారీ యాదమ్మ అక్కడే ఆపేది.

"తర్వాత ఏమైందత్తమ్మా?"

"నువ్వు ఊ కొట్టలేదు గద."

"అయ్యో, కొట్టిన గద!"

"నాకినపడలే." కత్తిపీట తీసి గోడకు పెట్టేసేది.

మాలతి ఆ కథకు రెండు చివరలు రాసింది, రెండూ చించింది. షావుకారు మెచ్చుకున్నట్టు రాస్తే సినిమాలా ఉంది. మొగుడు తప్పు తన మీద వేసుకున్నట్టు రాస్తే, అది ఎక్కడో చదివినట్టే ఉంది. చివరికి ఒక ఉపాయం పన్నింది. షావుకారు చీర విప్పాడు అన్న దగ్గర ఆపేసి, "తర్వాత ఏమైందో మీరే ఊహించుకోండి" అనేద్దాం. పెద్ద పెద్దవాళ్ళు కూడా అట్లా ఆపుతారు కదా! కోడలి పేరు కిష్టమ్మ అని మార్చింది. అత్తకు తెలిసే దారే లేదనుకుంది.

ఇప్పుడేమో అత్త నీలం అంచు చీరలో, సంచి పట్టుకుని, తలుపు దగ్గర.

"నడువ్, ఆలస్యమైతది" అంది యాదమ్మ.

మెట్రోలో కోచింగ్ పిల్లలు లేచి యాదమ్మకు చోటిచ్చారు. మాలతి కమ్మీ పట్టుకుని నిలబడింది. చేతిలో కాగితాలు చెమటకు మెత్తబడుతున్నాయి. చైతన్యపురి దాటుతుండగా నోరు విప్పింది.

"అత్తమ్మా, నాకు కడుపుల తిప్పుతున్నది. ఇంటికి పోదమా?"

"పొద్దుగాల తిన్నవా?"

"లేదు."

"మరి తిప్పదా?" సంచిలోంచి అరటిపండు తీసి చేతిలో పెట్టింది. అందరూ చూస్తుండగా, కథకురాలు అరటిపండు తిన్నది.

ఎల్‌బీ నగర్ కూడలిలో దిగేసరికి బస్సుల వాళ్ళు "సూర్యాపేట, సూర్యాపేట, విజయవాడ" అని గొంతు చించుకుంటున్నారు. సమావేశం ఆ పక్క వీధిలోనే, ఒక మేడ మీది గదిలో. మెట్లెక్కుతూ మాలతి దేవుడికి దండం పెట్టుకుంది, ఎవరూ రాకుండా చూడు తండ్రీ అని. దేవుడు వినలేదు. గది నిండా ఉన్నారు.

"రండమ్మా, రండి, మీకోసమే చూస్తున్నాం" అన్నారు జోగారావు గారు.

"మీ అత్తగారా అండీ? నమస్కారమండీ" అని నాగేశ్వరి ఎదురొచ్చి, "ముందు వరసలో కూర్చోండి పిన్నిగారూ, మీ కోడలు బాగా కనిపిస్తుంది" అంది.

"ఎనకాల కూసుంటది, మోకాళ్ళు..." అని మాలతి గొణిగేలోపే యాదమ్మ మొదటి వరసలో, సరిగ్గా నడిమి కుర్చీలో కూర్చుని శాలువ కప్పేసుకుంది. పక్క కుర్చీలో ఎవరనుకున్నారు? ప్రసన్నకుమార్ గారు.

ఇంకొకరెవరో ముందు చదువుతారు, ఈలోపు ఊపిరి పీల్చుకుందామనుకుంటే, ఆ మనిషికి పెద్ద అంబర్‌పేట్ దగ్గర ట్రాఫిక్ తగిలిందట. మాలతినే పిలిచారు.

లేచింది. కాగితాలు రెండు చేతులా పట్టుకుంది. మొదటి వాక్యం చదివింది. కిష్టమ్మ అనే పిల్ల ఆసు ముందు కూర్చుని ఉంది.

"ఊఁ" అంది యాదమ్మ.

మామూలుగా కాదు, మగ్గాల చప్పుడు మధ్య వినపడేంత గట్టిగా. వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాలతి చెవులు వేడెక్కాయి. రెండో వాక్యం.

"ఊఁ."

ఈసారి ఇద్దరు ముగ్గురు నవ్వారు. జోగారావు గారు వంగి, మెల్లగా, "అమ్మగారూ, ఇక్కడ నిశ్శబ్దంగా వినడం అలవాటండీ" అన్నారు.

"నిశ్శబ్దంగ వింటే వింటున్నరని ఎట్ల తెలుస్తదయ్యా, చెప్పెటోళ్ళకు?"

అందరూ గొల్లుమన్నారు. ఆయన కూడా నవ్వేసి చేతులెత్తి దండం పెట్టారు. అక్కడి నుంచి వాక్యానికొక ఊ. ఏం విచిత్రమో గానీ, మూడో పేజీకి వచ్చేసరికి మాలతికి ఆ ఊ అలవాటైపోయింది. ఊ వచ్చేదాకా ఆగి, తర్వాతి మాట అందుకుంటోంది. గొంతు నిలబడింది. వెనక వరసలో నవ్వు ఆగింది.

నిలబడ్డ గొంతుతోనే చిలుకల వరస దగ్గరికి వచ్చింది. ఇక తప్పించుకునే దారి లేదు. నడిమి చిలుక తల తిప్పి వెనక్కి చూస్తోంది అని చదివింది.

ఊ రాలేదు.

వస్తుందని ఆగింది. కాసేపటికి వచ్చింది గానీ, సన్నగా, గొంతులోనే ఉండిపోయినట్టు. మాలతి కాగితం మీంచి తల ఎత్తలేదు. ఎత్తితే ఇక చదవలేదు. మొగుడు ఒక్క మాట అనకుండా చీర పూర్తి చేశాడు. ఊ ఇంకా సన్నగా. ఇద్దరూ దుకాణానికి పోయారు. ఊ ఉందో లేదో తెలియలేదు. షావుకారు చీర విప్పాడు.

అంతే, ఇక లేదు.

కాగితం మీద మాటలూ అక్కడే అయిపోయాయి. గదిలో ఫ్యాను తిరుగుతోంది. కింద "విజయవాడ, విజయవాడ" అని అరుపు. మాలతి తల ఎత్తింది. యాదమ్మ సూటిగా తన వైపే చూస్తోంది. రెప్ప కూడా వెయ్యడం లేదు. ఆ చూపులో కోపమే ఉందో, ఇంకేమున్నదో, ఎవరికి తెలుసు? పక్కన ప్రసన్నకుమార్ గారు కళ్ళద్దాలు తీసి చేత్తో పట్టుకున్నారు.

ఆపెయ్యడానికి అన్నీ కుదిరాయి. కాగితం అయిపోయింది. ఊ ఆగింది, ఊ ఆగితే ఆపాలన్నది తాతల నాటి కట్టుబాటు. "తర్వాత మీరే ఊహించుకోండి" అన్న మాట నాలుక చివరన ఉంది. అనేసి కూర్చుంటే చాలు. చప్పట్లు కొడతారు. కొట్టాక ఆయన నెమ్మదిగా అడుగుతారు, మీరు కల్పించింది ఏదీ అని.

మరి నిజంగా జరిగింది తెలిసిన మనిషి ముందు వరసలో కూర్చుని ఉండగా, తెలియని తను నోటికొచ్చినట్టు ఎట్లా చెబుతుంది? నాగేశ్వరి సీసా మూత తీసి నీళ్ళు అందించబోయింది. మాలతి వద్దని తల ఊపింది. అప్పుడే ఏం తోచిందో, కాగితాలు మడిచి బల్ల మీద పెట్టేసింది.

"షావుకారు ఆ చిలుక మీద వేలు పెట్టిండు" అంది. రాసిన భాష జారిపోయి ఇంటి భాష వచ్చేసింది. ఆమెకు తెలియనే లేదు. "'ఎవరు కట్టిన్రు గిది?' అనడిగిండు. మొగోడు నేల చూసిండు. కొత్త కోడలు నోరిప్పొద్దని ఇంటికాడ పెద్దోళ్ళు మరీ మరీ చెప్పి తోలిన్రు."

ఎవరూ ఊ అనలేదు. తడబడింది. మళ్ళీ అందుకుంది.

"కిష్టమ్మ నెత్తి మీది కొంగు జరిపింది. 'నేనే కట్టిన' అన్నది. 'అన్నీ ముంగటికి పోతుంటే గిదెందుకు ఎనకకు చూస్తున్నది?' అన్నడు షావుకారు. కిష్టమ్మకు ఏడుపొచ్చింది గని ఏడ్వలే. 'దాన్ని గూట్లకెంచి కొత్తగ తెచ్చిన్రు గద, ఎనక ఎవరన్న పిలుస్తున్నరేమో అని చూస్తున్నది' అన్నది."

మాలతికి చివర ఇంకా కనపడలేదు. కనపడకుండానే, చీకట్లో గోడ పట్టుకుని నడిచినట్టు, ఒక్కో మాటా తడుముకుంటూ పోతోంది.

"షావుకారు మెచ్చుకోలే. చీరె మడత వెట్టి మీదికి నూకిండు. గిది పెండ్లికి పనికిరాదన్నడు. ఇద్దరు వాపస్ వచ్చిన్రు. తొవ్వల మొగోడు ఏం మాట్లాడలే. ఇంటికొచ్చినంక ఆ చీరె ఆమె చేతుల వెట్టి, 'కట్టుకో' అన్నడు. నేసెటోళ్ళింట్ల పుట్టి, నేసెటోళ్ళింటికి వచ్చి, ఆమె పట్టుచీరె కట్టుడు గదే మొదలు. ఆ చీరె కట్టుకొని, ఎనకకు చూసే చిలుకను భుజం మీదికి వచ్చెటట్టు ఏసుకొని, అమ్మగారింటికి పోయింది."

ఆగింది. అయిపోయిందని తనకే అప్పుడు తెలిసింది.

చప్పట్లు వెంటనే రాలేదు. అవి వచ్చేలోపు మాలతి ప్రాణం ఎక్కడికి పోయి వచ్చిందో చెప్పలేం. వచ్చాయి. నాగేశ్వరి అందరికంటే గట్టిగా కొట్టింది. యాదమ్మ చేతులు మాత్రం శాలువలోనే ఉన్నాయి.

ప్రసన్నకుమార్ గారు కళ్ళద్దాలు పెట్టుకున్నారు. "ఆ చివర కాగితం మీద లేదు కదూ?"

"లేదు సార్."

"ఎవరు చెప్పారు మీకు?"

మాలతి అత్త వైపు చూడబోయి మానుకుంది. "ఎవరూ చెప్పలేదు సార్. నేనే కల్పించిన."

ఆయన తల ఊపారు. "మొదట్లో ఆసు వర్ణన తగ్గించండి. మరీ సాగింది" అన్నారు. అంతే అన్నారు. జోగారావు గారు మాత్రం, "మరిచిపోకముందే ఆ చివర రాసి పంపండమ్మా, ఇప్పుడన్న భాషలోనే" అని రెండుసార్లు చెప్పారు.

ఇంకో వేళ అయితే మాలతి ఎగిరి గంతేసేది. ఇప్పుడేమో మెట్లు దిగుతున్న అత్త మోచెయ్యి పట్టుకుని, ఆమె మొహం వైపు చూడటానికి జంకుతోంది. యాదమ్మ మెట్ల మీద మాట్లాడలేదు. కూడలిలో మాట్లాడలేదు. లిఫ్టులో మాట్లాడలేదు. అంత వాగుడు మనిషి మూగనోము పట్టింది. మెట్రోలో ఇద్దరికీ పక్కపక్కనే చోటు దొరికింది. బండి కదిలింది.

"అత్తమ్మా, తప్పైంది. నిన్ను అడగకుంట..."

"గట్ల గాలే" అంది యాదమ్మ, కిటికీలోంచి చూస్తూ.

మాలతి ఆమె వైపు తిరిగింది.

"నేను నోరిప్పలే. నాకు గంత ధైర్యం యాడిది? తల దించుకొని నిలవడ్డ. షావుకారు కత్తెర తీసి నా కండ్ల ముంగటనే కొంగు కోసి పారేసిండు. మీ మామ ఇంటికొచ్చినంక శానా రోజులు నాతోని మాట్లాడలే. గదే ముచ్చట. అండ్ల చెప్పెతందుకు ఏమున్నది?"

బండి తర్వాతి స్టేషన్‌లో ఆగింది. తలుపులు తెరుచుకుని మూసుకున్నాయి. మాలతి అత్త చేతి మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి, ఆసు పోసి పోసి, వేళ్ళ దగ్గర కొంచెం వంకర తిరిగి ఉంటుంది.

యాదమ్మ శాలువ సర్దుకుంది. కోడలి వైపు ఇంకా తిరగలేదు.

"మాలతీ."

"ఆఁ అత్తమ్మా."

"గా కిష్టమ్మ... చీరె కట్టుకొని అమ్మగారింటికి పోయిందంటివి గద. పోయినంక ఏం జేసిందే?"

మాలతి అత్త మొహంలోకి చూసింది. యాదమ్మ వేళాకోళం ఆడటం లేదు. నిజంగానే అడుగుతోంది. తెలుసుకోవాలని ఉంది ఆమెకు.

ఏం చేసిందో మాలతికీ తెలియదు. ఒక్క ముక్క తెలియదు. దిల్‌సుఖ్‌నగర్ రావడానికి ఇంకా కొంచెం దూరముంది.

"ఊ కొట్టు మరి" అంది, "చెప్త."